ఆ తెల్లవారుజామున మీకు ఏడుపు ఎందుకు రాలేదు

ప్రశ్న: ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ పీజీ రెండో సంవత్సరం చేస్తున్నాను. మా యూనిట్ అడ్మిషన్ రోజున పొద్దున ఎనిమిదికి ఎక్కిన డ్యూటీ మర్నాడు సాయంత్రం దాకా దిగదు. పోయిన నెల ఏఎంసీలో (సీరియస్ కేసులు పెట్టే వార్డులో) తెల్లవారుజామున నాలుగింటికి ఒక పెద్దాయన పోయారు. ఆయన కొడుకు గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, ఈసీజీ కాగితం చింపుతూ "లాభం లేదండీ, పోయారు" అని చెప్పేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. ఆ క్షణాన నాకు తోచింది ఒక్కటే, క్యాజువాల్టీలో స్ట్రెచర్ మీద ఉన్న కేసుకు మంచం దొరికిందని. తర్వాత క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నాను, రుచిగానే ఉంది. అది తలుచుకుంటే నా మీద నాకే భయం వేస్తోంది. మొదటి సంవత్సరంలో ఇలాంటివి జరిగితే బాత్రూములోకి వెళ్లి ఏడ్చేదాన్ని. ఇప్పుడు అటెండెంట్లు ఒకే మాట రెండోసారి అడిగితే అరుస్తున్నాను. అమ్మ ఫోను ఎత్తబుద్ధి కావడం లేదు. డ్యూటీ దిగి బండి మీద హాస్టల్‌కు వెళ్తుంటే, చిన్న యాక్సిడెంటై కాలు విరిగితే పదిహేను రోజులు పడుకోవచ్చు కదా అనిపిస్తోంది. సీనియర్లు "అందరం పడ్డాం, నువ్వూ గట్టిపడతావులే" అంటున్నారు. నేను గట్టిపడుతున్నానా, చెడిపోతున్నానా? ధ్యానం యాప్ పెట్టుకోమని ఒకరు, సీటు వదిలేయమని ఒకరు సలహా ఇచ్చారు. సైకియాట్రిస్టును కలిస్తే రికార్డుల్లోకి ఎక్కుతుందేమోనని వెనకాడుతున్నాను. ఏమి చేయమంటారు?
– ఒక జూనియర్ డాక్టరు

జవాబు:

డాక్టరు గారూ,

ఇడ్లీ సంగతి మీరు వివరంగా రాశారు, బండి సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు మాత్రం ముందు బండి సంగతే మాట్లాడాలని ఉంది.

కాలు విరిగితే పడుకోవచ్చన్న ఊహ మీ ఒక్కరిదే కాదు. నా దగ్గరికి వచ్చే జూనియర్ డాక్టర్లు ఇదే మాట రకరకాలుగా చెబుతారు. ఒకరు డెంగీ వస్తే బాగుండునంటారు, ఇంకొకరు కామెర్లు వచ్చినా పరవాలేదంటారు. చాలాసార్లు అది చావాలన్న కోరిక కాదు, ఆగాలన్న కోరిక. అలసిపోయానంటే ఎవరూ సెలవు ఇవ్వరు కాబట్టి, ఎక్స్‌రేలో కనబడే కారణం ఏదైనా దొరికితే బాగుండునని మనసు వెతుక్కుంటుంది. అయితే "చాలాసార్లు" అన్న మాటను నమ్ముకుని ఊరుకోవడం నా పని కాదు. అందుకని సూటిగా అడుగుతున్నాను. కాలు విరగడం దాటి, అసలు నేనే లేకపోతే బాగుండునన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? అది ఎలాగో కూడా మనసులో మెదిలిందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టదని సైకియాట్రీ పోస్టింగ్‌లో మీరూ చదువుకునే ఉంటారు. జవాబు అవును అయితే ఈ ఉత్తరంలో మిగతాది తర్వాత చదవవచ్చు. ఇవాళే, మీ గదిలో ఉండే స్నేహితురాలికో ఇంట్లోవాళ్లకో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఒంటరిగా ఉండకండి, సైకియాట్రిస్టును కలవండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. పేషెంటు అయితే మీరు చేసే పనే ఇది; మీ విషయంలోనూ అంతే.

రెండోది, డ్యూటీ దిగాక బండి తాళం తీయకండి. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. ఇరవై నాలుగు గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతికీ చూపుకూ ఉండే పొందిక, 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 100 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 30 మిల్లీగ్రాములు. మీరు మర్నాడు సాయంత్రం బండి ఎక్కుతున్నారంటే ముప్పై గంటలు దాటిపోయింది. తాగినవాడు నడిపితే కేసు రాస్తారు, మీరు నడిపితే "పాపం డాక్టరమ్మ" అంటారు, తేడా అంతే. ఆటోకు డబ్బు పెట్టండి. లేదా డ్యూటీ రూములోనే ఒక గంట పడుకుని బయలుదేరండి. యాక్సిడెంటు కావాలని అనిపిస్తున్న రోజుల్లో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం.

ఇక ఇడ్లీ దగ్గరికి వద్దాం.

1974లో న్యూయార్కులో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు, డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నవారి గురించి రాశాడు. పగలంతా తన సొంత ప్రాక్టీసు, రాత్రుళ్లు ఆ క్లినిక్, అలా నడిపి తానే కుప్పకూలిన మనిషి ఆయన. అందరికంటే ఎక్కువ శ్రద్ధతో వచ్చినవాళ్లే ముందుగా విసుక్కోవడం, రోగులను ఎగతాళి చేయడం ఆయన గమనించాడు. దానికి బర్న్‌అవుట్ అని పేరు పెట్టాడు. తర్వాత క్రిస్టీనా మాస్లాక్ దానికి కొలత తయారుచేసింది, 1981లో. ఆ కొలతలో మూడు పాళ్లు ఉన్నాయి. భావోద్వేగాలు ఇంకిపోవడం ఒకటి, ఎదుటి మనిషి మనిషిగా కాకుండా మంచం నంబరుగా కనబడటం రెండు, నా వల్ల ఏమీ కావడం లేదన్న భావన మూడు. మీ ఉత్తరాన్ని మళ్లీ చదువుకుంటే మూడూ కనబడతాయి.

మొదటి సంవత్సరంలో బాత్రూములో ఏడ్చినప్పుడు మొదటిది నడుస్తోంది. అది తగ్గి ఇప్పుడు రాయిలా ఉన్నారంటే మీరు నయమై గట్టిపడలేదు, రెండోదానిలోకి వచ్చారు. నీళ్లు ఇంకిపోయిన బోరులో మోటారు ఆడిస్తే వైండింగ్ కాలిపోకుండా స్టార్టరు ట్రిప్పవుతుంది. మీకూ అదే జరిగింది. మీ సీనియర్లు దీన్ని గట్టిపడటం అని ఎందుకు అంటారో నాకు తెలుసు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. నిజంగా గట్టిపడిన డాక్టరు తెల్లవారుజామున నాలుగింటికి చావు కబురు తొణకకుండా చెప్పగలడు, చెప్పాక ఆ కొడుకు ముఖం అతనికి గుర్తుంటుంది. మీకు ఈసీజీ కాగితం గుర్తుంది.

అయినా మంచం దొరికిందనుకున్నందుకు నేను మిమ్మల్ని తప్పు పట్టలేను. స్ట్రెచర్ మీద ఉన్నదీ మనిషే. రెండు వందల పడకల వార్డులో మూడు వందల మందిని చూసేవాళ్లకు ఒకరి మరణంలో ఇంకొకరి అవకాశం కనబడటం క్రూరత్వం కాదు, అది ఆ ఆసుపత్రి లెక్క మీ నోట పలకడం. ఇక చెడిపోవడం మాటకొస్తే, చెడిపోయినవాళ్లు ఇడ్లీ రుచిగా ఉందని ఉత్తరం రాయరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ను జబ్బుల జాబితాలో చేర్చలేదు, పని వల్ల ఏర్పడే పరిస్థితిగానే పేర్కొంది. ఇది మీకు తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే మన దగ్గర దీనికి మందు రాసేవాళ్లూ ఉన్నారు, దీని ముసుగులో అసలు జబ్బును వదిలేసేవాళ్లూ ఉన్నారు. బర్న్‌అవుట్ డిప్రెషన్ కాదు, కానీ రెండూ పక్కపక్క గదుల్లో కాపురం ఉంటాయి. తేడా కనిపెట్టడానికి మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. రెండు రోజులు సెలవు దొరికి, కడుపునిండా నిద్రపోయి, ఇంటి భోజనం చేశాక పాత మీరు కొంచెమైనా తిరిగి కనబడితే అది ఎక్కువగా పని అలసటే. సెలవులో కూడా ఏదీ బాగోకపోతే, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోతే, మీ మీద మీకు అసహ్యం వేస్తుంటే, అలా రెండు వారాలు దాటితే డిప్రెషన్‌గా చూపించుకోవాలి. దానికి మంచి వైద్యం ఉంది. ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్ సంగతి తెలిపే టీఎస్‌హెచ్ కూడా చూపించుకోండి. రోజుకు పాతిక మందికి ఈ పరీక్షలు రాసే చేతులు తమకు తాము రాసుకోవు. అలాగే నిద్ర కోసం ఆల్ప్రజోలం మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి. డ్యూటీ రూముల్లో అది ఎంత మామూలుగా చేతులు మారుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

సైకియాట్రిస్టును కలిస్తే రికార్డుల్లోకి ఎక్కుతుందన్న భయం గురించి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ సమాచారం గోప్యంగా ఉంచడం మీ హక్కు. మీ అనుమతి లేకుండా కాలేజీకి చెప్పడానికి వీల్లేదు, ప్రాణాపాయం వంటి కొద్ది సందర్భాలు తప్ప. చట్టం సరే, వరండాలో ఎదురయ్యే తోటి పీజీల సంగతి ఏమిటంటారా? నిజమే. మీ ఆసుపత్రిలోని డిపార్టుమెంటులోనే చూపించుకోవాలని లేదు. ఊళ్లో ఇంకొక చోట కలవండి, లేదా ఫోనులో సంప్రదించండి. నలుగురి కంటపడటం ఇష్టం లేకపోవడం తప్పేమీ కాదు.

ఇప్పుడు చావు కబురు చెప్పే పద్ధతి గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మీకిది అలసటతో సంబంధం లేని విషయంలా కనబడవచ్చు. నా అనుభవంలో జూనియర్లను లోపల తొలిచేసేది చావు కాదు, చావును హడావిడిగా చెప్పి పారిపోయిన జ్ఞాపకం. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి చేరినవారికి సిలబస్‌లో దీనికంటూ పాఠాలు పెట్టారు. మీ బ్యాచ్‌ వరకు వార్డులో ఎవరి తిప్పలు వారు పడి నేర్చుకున్నదే.

గుమ్మంలో చెప్పకండి. స్టూలు ఉంటే కొడుకును కూర్చోబెట్టి మీరూ కూర్చోండి. లేకపోతే గోడ పక్కకు తీసుకెళ్లండి. చేతిలో కాగితం, ఫోను ఉండకూడదు. ముందు ఆయనకు ఏమి తెలుసో అడగండి: "రాత్రి నుంచి నాన్నగారికి ఎలా ఉందో మీకు ఎవరైనా చెప్పారా?" తర్వాత ఒక హెచ్చరిక మాట: "కబురు మంచిది కాదండీ." రెండు సెకన్లు ఆగండి. "నాన్నగారి గుండె ఆగిపోయింది. తిరిగి కొట్టుకునేలా చేయడానికి అరగంట ప్రయత్నించాం. ఆయన చనిపోయారు." చనిపోయారు అన్న మాట నోటితో అనాలి. "కండిషన్ బాగా లేదు", "మా చేతుల్లో లేదు" అంటే అటెండెంటు ఇంకా ఆశ ఉందనుకుంటాడు, అరగంట తర్వాత మళ్లీ వచ్చి ఎలా ఉన్నారని అడుగుతాడు, మీరు అరుస్తారు. ఆ మాట అన్నాక నోరు మూసుకుని నిలబడండి. ఇదే అన్నిటికంటే కష్టం. మౌనాన్ని పూడ్చడానికి మనం పొటాషియం, క్రియాటినిన్ అంటూ మొదలుపెడతాం. వద్దు. ఆయన మాట్లాడేదాకా ఆగి, "ఇంట్లో ఎవరికి ఫోను చేయాలి?" అని అడగండి. దీనికి మూడు నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాలు లేని రాత్రులు ఉంటాయి, నాకు తెలుసు. అప్పుడు "పక్క మంచం ఆయనకు ఇంజెక్షన్ ఇచ్చి వస్తాను, ఇక్కడే ఉండండి" అని చెప్పి వెళ్లి, నిజంగా తిరిగి రండి. గొడవయ్యేలా అనిపిస్తే మాత్రం ఒంటరిగా వెళ్లకండి, స్టాఫ్ నర్సునో సెక్యూరిటీనో పక్కన ఉంచుకోండి.

ఒకే మాట రెండోసారి అడిగే అటెండెంటు గురించి ఒకటి చెప్పాలి. మొదటి వాక్యం విన్నాక ఆ మనిషికి తర్వాతి మాటలు చెవికెక్కవు. ఇది మొండితనం కాదు, భయంలో ఉన్న మెదడు పద్ధతి. ఈ సంగతి తెలిస్తే కోపం సగం తగ్గుతుంది. మిగతా సగం నిద్ర వల్ల తగ్గాలి.

చనిపోయిన మనిషి దగ్గర చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో జోనథన్ బార్టెల్స్ అనే నర్సు, రోగి చనిపోయాక ప్రాణం నిలబెట్టడానికి ప్రయత్నించినవాళ్లందరినీ ఒక్క నిమిషం ఆగమనేవాడు. ప్రార్థన కాదు, ప్రసంగం కాదు. ఈయన ఒకరికి తండ్రి, ఈయన కోసం మనందరం ప్రయత్నించాం అన్నంత మాట, తర్వాత కాసేపు మౌనం. తర్వాత ఎవరి పని వారిది. ఆ పద్ధతి ఎన్నో ఆసుపత్రులకు పాకింది. ఏఎంసీలో మీకు నిమిషం దొరకకపోతే పావు నిమిషం చాలు. ట్యూబు తీసేటప్పుడు, కేస్ షీటులో సమయం రాసే ముందు, ఆ పెద్దాయన పేరు ఒకసారి మనసులో అనుకోండి. పేరు అనుకుంటే మంచం నంబరు మళ్లీ మనిషవుతుంది. మీ చేతి కింద ఉన్న హౌస్ సర్జన్ కూడా చూసి నేర్చుకుంటాడు.

డ్యూటీ దిగాక కూడా తలలో తిరిగేవి వేరే ఉంటాయి: పదకొండో మంచం సోడియం మళ్లీ చూశారా, ఆ పాప ప్లేట్‌లెట్లు వచ్చాయా. అప్పగింత సరిగా జరగకపోతే శరీరం హాస్టల్‌కు వెళ్తుంది, మనసు వార్డులోనే ఉండిపోతుంది. అమెరికా, కెనడాల్లోని తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో డ్యూటీ అప్పగించడానికి ఒక వరస ఏర్పరిచి, జూనియర్లకు నేర్పించి చూస్తే పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. అక్కడ చూసింది రోగి భద్రతనే అయినా, దాని వల్ల డాక్టరు నిద్ర కూడా బాగుపడుతుందని నా నమ్మకం. ఎవరు బాగా సీరియస్, ఏమి చేశాం, ఏమి చూడాలి, ఏదైనా తేడా వస్తే ఏమి చేయాలి. ఇవి కాగితం మీద రాసి, తీసుకునేవాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. ఆ తర్వాత మీకు వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలు సగం తగ్గిపోతాయి. మిగతా సగానికి పోస్ట్ డ్యూటీలో ఫోను ఆపేయండి.

యాప్ గురించి అడిగారు. పెట్టుకోండి, నష్టం లేదు. పది నిమిషాలు ఊపిరి మీద దృష్టి పెడితే గుండెదడ తగ్గుతుంది. కానీ ముప్పై ఆరు గంటల డ్యూటీకి ధ్యానం విరుగుడు అని ఎవరైనా అంటే, వాళ్లకు డ్యూటీ లిస్టు మార్చడం ఇష్టం లేదని అర్థం చేసుకోండి. 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, డాక్టర్ల మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసింది. ధ్యానం, చిన్న బృందాల చర్చ వంటివీ పనిచేశాయి, పని గంటలు మార్చడమూ పనిచేసింది. రెండిటి వల్లా కలిపి చూస్తే బర్న్‌అవుట్ 54 శాతం నుంచి 44 శాతానికి దిగింది. అంటే ఉపయోగం ఉంది, అద్భుతం లేదు.

ఆ చిన్న బృందాల మాట నాకు ఇష్టమైనది. 1950లలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ అనే వైద్యుడు, వారానికోసారి కొందరు ఫ్యామిలీ డాక్టర్లను కూర్చోబెట్టేవాడు. కేస్ షీటు లేకుండా తమను వేధిస్తున్న ఒక రోగి గురించి చెప్పమనేవాడు. రోగికి ఏ మందు ఇవ్వాలన్నది చర్చ కాదు. ఆ రోగి ఎదురుగా ఉంటే డాక్టరుకు ఏమవుతోంది, ఎందుకు చిరాకు, ఎందుకు భయం, అదీ చర్చ. ఇప్పటికీ ప్రపంచమంతా బాలింట్ బృందాలు నడుస్తున్నాయి. మీ హాస్టల్‌లో ఇది పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయిదారుగురు చాలు, వేరే వేరే డిపార్టుమెంట్లవాళ్లయితే మరీ మంచిది. రెండు వారాలకోసారి, గంటసేపు. ఒకరు ఒక సంఘటన చెబుతారు, మీరు నాకు రాసినట్టే. మిగతావాళ్లు నీతులు చెప్పకూడదు, "మా యూనిట్‌లో ఇంతకంటే ఘోరం" అని పోటీ పడకూడదు, ఎవరి పేరూ గదిలోంచి బయటికి వెళ్లకూడదు. "ఆ కొడుకు స్థానంలో నేనుంటే ఇలా అనిపించేది", "నీ స్థానంలో నాకైతే కోపం వచ్చేది" అన్నంత వరకే. సైకియాట్రీ విభాగంలో నమ్మకమున్న ప్రొఫెసర్ ఎవరైనా ఉంటే మొదటి రెండుసార్లు కూర్చోమని పిలవండి. క్యాంటీన్‌లో అందరూ కలిసి విభాగాధిపతిని (హెచ్‌ఓడీని) తిట్టుకోవడం కూడా ఉపశమనమే, నేను కాదనను. కానీ ఒంటరితనం దానితో పోదు, ఎందుకంటే అక్కడ ఎవరూ "ఇడ్లీ రుచిగా ఉంది" అని చెప్పరు.

మీ సీనియర్లకు జవాబు చెప్పవలసింది ఇంకా మిగిలి ఉంది. "మేమూ పడ్డాం" అన్నది నిజమే. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు చెప్పండి. రెసిడెన్సీ అనే పద్ధతికి పునాది వేసింది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్. జూనియర్లు ఆసుపత్రిలోనే కాపురం ఉండాలన్నది ఆయన కాలపు నియమం. ఆయన గొప్ప సర్జన్, దానికి తోడు కొకైన్‌కు, తర్వాత మార్ఫిన్‌కు బానిసైన మనిషి. అలాంటి కాలంలో ఏర్పడ్డ పని వేళలను మనం వైద్యవిద్యలో వేదవాక్కులా మోస్తున్నాం. అదే అమెరికాలో 1984లో లిబ్బీ జయాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి న్యూయార్కు ఆసుపత్రిలో చనిపోతే, ఆమెను చూసినవాళ్లు ఎంతసేపటి నుంచి మేలుకుని ఉన్నారన్న ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 1989 నుంచి న్యూయార్కులో, 2003 నుంచి దేశమంతా వారానికి 80 గంటల హద్దు పెట్టారు.

మన దగ్గర నియమాలు లేవనుకోకండి. 1992లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెంట్ల డ్యూటీ ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని ఉత్తర్వు ఇచ్చింది. జాతీయ వైద్య కమిషన్ 2023 పీజీ నిబంధనల్లో సహేతుకమైన పని గంటలు, రోజూ విశ్రాంతికి సమయం, వారానికి ఒక సెలవు, ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన సెలవు అని ఉంది. 2024లో ఆ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని సిఫారసు చేసింది. 48 నుంచి 74కు ఎలా వచ్చామన్నది వేరే కథ. ఇన్ని కాగితాలు ఉన్నా మీ యూనిట్‌లో డ్యూటీ మర్నాడు సాయంత్రం దాకా ఎందుకు సాగుతోందంటే, పనిచేసే చేతులు తక్కువ, ఆ కొరతను పూడ్చడానికి స్టైపెండు తీసుకునే పీజీలకంటే చవకైన దారి లేదు. ఇది మీ బలహీనత వల్ల వచ్చిన సమస్య కాదు.

అలాగని మీరు ఒక్కరే వెళ్లి హెచ్‌ఓడీ ముందు ఉత్తర్వు పెడితే, వచ్చేది న్యాయం కాదు, థీసిస్ సంతకానికి ఆలస్యం. నాలుగు వారాల పాటు మీ యూనిట్ పీజీలందరి డ్యూటీ గంటలు రాసి పెట్టండి. అందరూ కలిసి వెళ్లండి. ఒకే ఒక్కటి అడగండి: అడ్మిషన్ మర్నాడు రౌండ్స్, అప్పగింత అయ్యాక మధ్యాహ్నం లోపల వదిలేయమని. దానికి మీరే కొత్త డ్యూటీ లిస్టు తయారుచేసి చేతిలో పెట్టండి, ఎవరి స్థానంలో ఎవరు వస్తారో తేదీలతో సహా. అలసట గురించి మాట్లాడకండి, పొరపాట్ల గురించి మాట్లాడండి. హార్వర్డ్ పరిశోధకులు 2004లో చూపించింది చెప్పండి: ఇరవై నాలుగు గంటలు దాటే డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు, అవి లేని వేళల్లో కంటే 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారు. మన ప్రొఫెసర్లకు జూనియర్ కన్నీళ్ల కంటే వార్డులో పొరపాటు అన్న మాట తొందరగా వినబడుతుంది. అందరూ కాదు, ఎక్కువ మంది. కుదరకపోతే జూనియర్ డాక్టర్ల (జూడాల) సంఘం ద్వారా ప్రిన్సిపాల్‌కు.

సీటు వదలడం గురించి నాకు వ్యతిరేకత లేదు. మెడిసిన్ వద్దనుకుని సంతోషంగా ఉన్నవాళ్లను చూశాను, రేడియాలజీలోనో పాథాలజీలోనో కుదురుకున్నవాళ్లనూ చూశాను. కానీ పోస్ట్ డ్యూటీ సాయంత్రం తీసుకునే నిర్ణయం నిర్ణయం కాదు. ముందు మీకు రావలసిన సెలవులో పది రోజులు ఏకంగా తీసుకోండి. వెనక్కి వచ్చి, ఒక నెల పైన రాసినవి చేసి చూసి, అప్పుడు కూడా వార్డు గుమ్మం చూస్తే కడుపులో దేవితే ఆలోచిద్దాం. సీటు వదిలితే కట్టవలసిన డబ్బు చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన బాండులో ఉంటుంది. ఆ భారం పీజీల మనోవ్యథను పెంచుతోందని, దాన్ని ఎత్తేయమని జాతీయ వైద్య కమిషన్ 2024 జనవరిలో రాష్ట్రాలను కోరింది కూడా. మీ రాష్ట్రంలో ఇప్పుడేమి అమల్లో ఉందో కనుక్కోండి. డబ్బు భయంతో ఉండిపోవడం, డబ్బు తెలియక దూకేయడం, రెండూ వద్దు.

అమ్మగారికి మాత్రం ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి. మీరు ఫోను ఎత్తనిది ప్రేమ లేక కాదు, "తిన్నావా" అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పే ఓపిక లేక. ఆవిడకు అది తెలియదు. "అమ్మా, నాకు మాట్లాడే ఓపిక ఉండటం లేదు, కోపం కాదు. ఆదివారం పొద్దున నేనే చేస్తాను, నువ్వు మాట్లాడు, నేను వింటాను" అని రాయండి. అమ్మలు ఇలాంటివి బాగానే అర్థం చేసుకుంటారు. ఫోను ఎత్తకపోతే మాత్రం రాత్రంతా కూర్చుని ఊహించుకుంటారు.

మీ ఉత్తరంలో హౌస్ సర్జన్ల ఊసు లేదు. రెండో సంవత్సరం పీజీ అంటే వాళ్ల డ్యూటీలు వేసేది చాలా చోట్ల మీరే. హెచ్‌ఓడీ సంతకం, ప్రిన్సిపాల్ ఆమోదం అక్కర్లేని జాబితా మీ చేతిలో ఉన్నది అదొక్కటే. శాంపిళ్లు ల్యాబుకు మోసే ఆ పిల్లవాడికి రాత్రి రెండు నుంచి నాలుగు దాకా పడుకునే వేళ రాసి పెట్టండి. భోజనానికి అరగంట రాయండి, ఆ అరగంటలో ఎవరు కవర్ చేస్తారో పక్కన పేరు రాయండి. అదే కాగితం మీద మీకు కూడా ఒక అరగంట రాసుకోండి.